అన్వేషణయంత్రముల కొఱకు వ్రాయఁబడు వచనము

ఇంటర్నెట్టునందుఁ బ్రకటింపఁబడు వచనములో నిటీవల నొక క్రొత్త రీతి పుట్టినది. ఈ రీతియందు వ్రాయువారు తమ పుటను మనుష్యునికంటె ముందు యంత్రము చదువునని యెఱిఁగి, దానికి నచ్చునట్లు వాక్యములఁ గూర్చుచున్నారు. గూగుల్ మొదలగు అన్వేషణయంత్రము లిదివఱకుఁ బ్రశ్న వేసినవానికిఁ బుటల పట్టిక నిచ్చి యూరకుండెడివి. ఇప్పు డవి పెక్కుపుటలను దామే చదివి, వానినుండి కొన్ని ఖండములను దీసికొని, యొక యుత్తరమును గూర్చి చెప్పుచున్నవి. ఆ యుత్తరమున నెవని వాక్యములు చేరునో వాఁడే కనఁబడును, తక్కినవాఁడు కనఁబడఁడు. కావునఁ బట్టికలోఁ బైకెక్కుట కేర్పడిన వెనుకటి నేర్పులు చాలక, ఉత్తరములోఁ జోటు సంపాదించుటకు వేఱు నేర్పు లవసరమైనవి. దీనికి జనరేటివ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ అని పేరు. వర్తకులు జీఈఓ యని పొడి యక్షరములతో వ్యవహరింతురు.

పండితులకు దీనితో నేమి పని యని తలంపరాదు. కవికాలమును గూర్చియో, యొక సమాసమును గూర్చియో సందేహము పుట్టినప్పుడు పెక్కుమంది విద్యార్థులు నేఁడు మొదట నడుగునది గురువును గాదు, నిఘంటువును గాదు, చేతిలోని యంత్రమును. అది చెప్పు నుత్తరమున కాధార మేదో యొక పుట. ఆ పుట వ్రాసినవాఁ డెవరిని దృష్టియందుంచుకొని వ్రాసెనను ప్రశ్న వర్తకమున కెంత సంబంధించినదో వ్యాకరణమునకు నంత సంబంధించినది.

ఈ రీతికి లక్షణగ్రంథ మనఁదగిన వ్యాస మొకటి 2023 నవంబరులో వెలువడినది. ఢిల్లీ ఐఐటీ, ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయము మొదలగు స్థానములవారు కలసి వ్రాసిన యీ వ్యాసము 2024 ఆగస్టులో బార్సిలోనా నగరమున జరిగిన కేడీడీ సభయందు సమర్పింపఁబడినది. జీఈఓ యను పేరు వ్యాప్తిలోనికి వచ్చుటకు దీనియందలి వాడుకయే ముఖ్యకారణము. వ్యాసకర్తలు 10,000 ప్రశ్నలను సమకూర్చి, పుటలను దొమ్మిది విధములుగా మార్చి, యే మార్పువలన యంత్రోత్తరములో నా పుట కెక్కువ చోటు దొరకునో పరీక్షించిరి. కీలకపదములను దట్టించుట, అధికారస్వరముతోఁ బలుకుట, సులభముగాఁ జెప్పుట, ధారను నునుపు చేయుట, అరుదగు పదములు చేర్చుట, పారిభాషికపదములు చేర్చుట, ఇతరుల వాక్యముల నుదాహరించుట, అంకెలు చేర్చుట, మూలములు చూపుట అనునవి యా తొమ్మిది. ఫలితము వినఁదగినది. పదములను దట్టించుటవలనఁ బ్రయోజనము లేకపోయెను. అధికారస్వరమువలనఁ గూడఁ జెప్పఁదగిన లాభము కలుగలేదు. ఉదాహరణము, అంకెలు, మూలనిర్దేశము అను మూఁడును నెగ్గినవి. వానివలనఁ బుట యొక్క దృశ్యత నూటికి 40 వఱకుఁ బెరిగినది.

పదములను దట్టించుట యొకప్పు డేల ఫలించెనో తెలియవలెను. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను నిద్దఱు విద్యార్థులు గూగుల్ యంత్రమును వర్ణించుచు వ్యాసము ప్రకటించిరి. ఒక పుటను మఱియెన్ని పుటలు పేర్కొనుచున్నవో, ఆ పేర్కొన్నవాని గౌరవ మెట్టిదో లెక్కించి స్థానము నిచ్చుట వారి సూత్రము. శాస్త్రగ్రంథములలోఁ బూర్వాచార్యులను బేర్కొను మర్యాదకు నిది యంత్రరూపము. దానికిఁ దోడు ప్రశ్నలోని పదము పుటలో నెన్నిమాఱులు, ఎచ్చట నున్నదను లెక్కయుఁ గలదు. తాత్పర్యనిర్ణయమునకు మీమాంసకులు ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి యని యాఱు లింగములు చెప్పిరి గదా. పుటలోపల యంత్రము చేతఁ బట్టుకొనఁగలిగినది వీనిలో నభ్యాస మొక్కటే. న్యాయాధిపతి యొక్క లింగమునే నమ్మునని తెలిసినచోఁ గక్షిదారులు దానినే మోసికొనివచ్చుట యాశ్చర్యము గాదు. ఒకేమాటను నలువదిమాఱులు చెప్పిన పుటలు పుట్టినవి. తెల్లని కాగితముపైఁ దెల్లని సిరాతో వ్రాసినట్లు చదువరికిఁ గనఁబడని పదములు గుప్పిన పుటలును బుట్టినవి. లింకులను గొని యమ్ము వర్తకమును బుట్టినది. గూగుల్ సంస్థ సారహీనములగు పుటలను 2011 ఫిబ్రవరిలో పాండా యను సవరణతోను, కృత్రిమములగు లింకులను బదదట్టనమును 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ యను సవరణతోను దండింపవలసివచ్చెను. పునరుక్తి దోషమని యాలంకారికులు చెప్పినమాట యంత్రమునకుఁ దెలియుటకుఁ బదేండ్లకుఁ బైఁగాఁ బట్టినది.

ఇట్టి చరిత్ర తరువాత మూలనిర్దేశము గెలుచుట చూచి సంతోషించుట సహజమే. ప్రగల్భమునకంటెఁ బ్రమాణము నెక్కువగాఁ జూచు శ్రోత దొరకినచో వ్రాయువాఁడును మేలుపడును. ఆ వ్యాసమందే యింకొక మంచి విషయము గలదు. పట్టికలో నైదవస్థానమున నున్న పుట మూలములు చూపినచో దాని దృశ్యత రెట్టింపునకు మించినది. మొదటి స్థానమునందలి పుటది తగ్గినది. పేరుప్రతిష్ఠలు లేని పల్లెటూరి పండితుని పుటయు, ధనబలముగల సంస్థ పుటతో సమముగాఁ గూర్చుండుట కిది యవకాశము.

కాని పరీక్షించిన విధమును గూడ నించుక పరికింపవలెను. పుటలను మార్చినది మనుష్యుఁడు గాదు, మఱియొక భాషాయంత్రము. అంకెలు చేర్చుమనియు, మూలములు చేర్చుమనియు దాని నాజ్ఞాపించిరి. కొలిచినది యుత్తరములో నా పుటనుండి వచ్చిన మాటలెన్ని, అవి మొదట నున్నవా తుద నున్నవా యనునది. ఇంకొక కొలత పుట యెంత ప్రభావము చూపెనను నభిప్రాయము. ఆ యభిప్రాయ మిచ్చినదియు యంత్రమే. చేర్చిన యంకె నిజమా, చూపిన మూలమున నా మాట యున్నదా యనునది యీ కొలతలలో దేనియందును లేదు. అనఁగా నిచట గెలిచినది ప్రమాణము గాదు, ప్రమాణవేషము. హేతువునకును హేత్వాభాసమునకును గల భేదమును దర్కబాలశిక్షలోనే నేర్పుదురు; ఆ భేద మెఱుఁగని పరీక్షను లక్షణగ్రంథముగాఁ గైకొని వర్తకులు వ్రాఁతగాండ్రకుఁ బాఠములు చెప్పుచున్నారు. వెనుకటి యంత్రము నభ్యాసముతో వంచించినవా రీ యంత్రమును మూలనిర్దేశముతో వంచింతురు. రెండవ వంచన మొదటిదానికంటె హానికరము. నలువదిమాఱులు చెప్పిన మాటను చదువరి చూచి నవ్వుకొనును. లేని గ్రంథమునుండి పుటసంఖ్యతోఁ జూపిన వాక్యమును నమ్మును.

యంత్రము చదువు విధమును శాబ్దబోధప్రక్రియతోఁ బోల్చి చూచినచో లోప మెచ్చట నున్నదో తేటపడును. అది మొదటఁ బుటను ఖండములుగాఁ గోయును. ప్రతిఖండమును సంఖ్యాపంక్తిగా మార్చి దాఁచును. ప్రశ్నను గూడ నట్లే మార్చి, దానికి సమీపముననున్న ఖండములను దెచ్చి భాషాయంత్రమున కప్పగించును. భాషాయంత్రము వానినిబట్టి వాక్యములు గూర్చును. 2020లోఁ బేరుపడిన యీ పద్ధతిని రిట్రీవల్ ఆగ్మెంటెడ్ జనరేషన్ అందురు. శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణములు. సన్నిధి విషయమున యంత్రము మిక్కిలి సమర్థము. ఏ పదముప్రక్క నే పదము తఱచుగ వచ్చునో దానికిఁ దెలిసినంతగా నే కోశకారునకును దెలియదు. ఆకాంక్షయు నలవడినది, కర్తను జెప్పి క్రియను విడుచుట యరుదు. చిక్కు యోగ్యతతోనే. నిప్పుతోఁ దడుపుచున్నాఁడను వాక్యమున నాకాంక్షాసన్నిధు లున్నను యోగ్యత లేదని బాలురకుఁ జెప్పుదురు. 2024 మే నెలలో గూగుల్ సంస్థ అమెరికాదేశమున నుత్తరములు కూర్చు నేర్పాటును బ్రకటించిన కొలఁదిదినములకే, పిజ్జాపై జున్ను జాఱకుండుటకు సాసులో జిగురు కలుపుమని యా యంత్రము చెప్పెను. దినమునకుఁ గనీస మొక చిన్నఱాయి తినవలెనని మఱియొక యుత్తరము. మొదటిదానికి మూలము పదునొకండేండ్ల క్రిందట నెవఁడో పరిహాసమునకు వ్రాసినమాట. రెండవదానికి ది ఆనియన్ అను హాస్యపత్రికలోని వ్రాఁత. ఇచ్చట లోపించినది యోగ్యత మాత్రమే కాదు. నాల్గవ కారణముగాఁ గొందఱు చెప్పు తాత్పర్యజ్ఞానమును లోపించినది. భోజనమునకుఁ గూర్చున్నవాఁడు సైంధవము తెమ్మన్న, గుఱ్ఱమును దెచ్చి నిలిపిన భృత్యుని కథ యిదియే. పరిహాసము పరిహాసమని తెలియుటకు వాక్యము చాలదు. వక్త యెవఁడు, ఎవరితో, నెప్పుడు చెప్పెనను ప్రకరణము కావలెను. పుటను ఖండించునప్పుడు మొదట తెగునది ప్రకరణమే.

ఈ కోఁతకుఁ దట్టుకొని నిలుచుటకై వ్రాయువారి కొక యుపదేశము చేయుచున్నారు. ప్రతిఖండము తనంతఁ దాను నిలువవలెను. సర్వనామమును మాని నామమునే మరల వ్రాయవలెను. ఉత్తరమును మొదటి వాక్యముననే చెప్పవలెను. ఇందుఁ గొంత మేలు లేకపోలేదు. "అది", "ఇది", "పైవిషయము" అని వ్రాయుచు నది యేదో చదువరి వెదకికొనునట్లు చేయు వచనము యంత్రమునకే కాదు, బడిపిల్లవానికిని దుర్బోధమే. అట్టివాఁ డీ యుపదేశమువలన బాగుపడును. మఱియొకవంకఁ జూడఁగా నిది యనువృత్తిని బొత్తిగాఁ ద్రోసివేయుట. సుమారు 4,000 సూత్రముల యష్టాధ్యాయినుండి యొక్క సూత్రమును గోసి చేత నుంచుకొన్నవానికి దాని యర్థము తెలియదు. పై సూత్రములనుండి పదములు దిగివచ్చినఁగాని వాక్యము పూర్తిగాదు. నిత్యవ్యవహారవచనమున నింతటి లాఘవము నెవరును గోరరు. కాని వాక్యము వాక్యమును బట్టుకొని నడచుట యే శాస్త్రచర్చకైనఁ బ్రాణము. ముత్తెములను వేఱువేఱు డబ్బాలలోఁ బెట్టి యమ్ముట వర్తకునకు సులభము. హారము చేయువాని పని వేఱు.

అసలైన హాని పూర్వపక్షమునకుఁ గలుగుచున్నది. పరమతమును దుర్బలముగాఁ జెప్పి ఖండించుట శాస్త్రమర్యాద గాదు. ప్రతివాది తాను జెప్పుకొనఁగలిగినంత బలముతోఁ జెప్పి, పిదప సిద్ధాంతము చేయవలెను. ఆంధ్రశబ్దచింతామణి నన్నయకృతమా కాదా యను చర్చనే తీసికొనుఁడు. కాదను సిద్ధాంతము గల పండితుఁ డౌనను పక్షమును రెండుమూఁడు ఖండికలలో యుక్తులతో సమర్థించి, నాల్గవ ఖండికనుండి ఖండింపఁ బూనుననుకొందము. యంత్రము ప్రశ్నకు దగ్గఱగా నున్న ఖండమును దీయును. ఆంధ్రశబ్దచింతామణికిఁ గర్త యెవఁడని యడిగినచో, నన్నయయే కర్త యని గట్టిగాఁ జెప్పు పూర్వపక్షఖండమే ప్రశ్నకు మిక్కిలి దగ్గఱ. అప్పు డా పండితుఁడు జీవితమంతయు నెదిరించిన మతమునకు నతని పేరే మూలముగాఁ జూపఁబడును. ఇది యంత్రమునకు మాత్రమే తగిలిన తెగులు గాదు. మహాభాష్యములో నేది భాష్యకారుని వాక్యమో, యేది ఏకదేశి వాక్యమో విడఁదీయుటకుఁ గైయటుఁడును నాగేశుఁడును బడిన శ్రమ పండితు లెఱుఁగుదురు. భేద మేమనఁగా వారు సందేహించిరి. యంత్రము సందేహింపక యుత్తర మిచ్చును.

తెలుఁగునకు నిందొక ప్రత్యేకమైన చిక్కు గలదు. పరమతానువాదమును దెలుపు "అని" శబ్దము తెలుఁగున వాక్యాంతమున వచ్చును. "అని కొందఱందురు", "అనుట పొసఁగదు" అనునవి దాని వెంట నడచును. నిషేధమును క్రియతోఁ గలసి తుదనే యుండును. ఆఱు పంక్తుల దీర్ఘవాక్యము నడుమఁ దెగినచో నైదు పంక్తులు సిద్ధాంతమువలె మిగిలి, ఖండనము వేఱొక ఖండమునఁ బడును. కావునఁ దెలుఁగునఁ జర్చావ్యాసమును బ్రకటించువారు "కొందఱి మతమున", "పూర్వపక్షమునఁ జెప్పునది" అను మాటలను వాక్యాదిని జేర్చుట మంచిది. ఇంగ్లీషుపుటలకై పుట్టిన యుపదేశములలో దీని ప్రసక్తి యుండదు. దీనిఁ దెలుఁగు వైయాకరణులే చెప్పవలెను. పూర్వపక్షమే వ్రాయకుండుట మేలను తలంపు మాత్రము పుట్టరాదు. అట్లు చేసినచోఁ జర్చ పోయి ప్రకటన మిగులును.

ప్రశ్నోత్తరరూపమును గూర్చి యొకమాట. యంత్రము ప్రశ్నలను వెదకును గావున శీర్షికలను బ్రశ్నలుగా వ్రాయుఁడని బోధింతురు. మహాభాష్యము నంతటను బ్రశ్నోత్తరములే. కాని పతంజలి ప్రశ్న వెనుకటి యుత్తరమునుండి పుట్టును. ఆ యుత్తరము చాలలేదని చెప్పును. ఈ పుటలలోఁ బ్రశ్న యుత్తరమునకుఁ దలుపు బిళ్ల మాత్రమే. ఉత్తరము ముందే సిద్ధమై కూర్చున్నది.

ఇంత చేసి యుత్తరములోఁ జోటు సంపాదించినవానికిఁ గలుగు ఫలమేమి? అమెరికాలోని ప్యూ పరిశోధనకేంద్రమువారు 2025 మార్చినెల వాడుకను బరిశీలించి జూలైలోఁ బ్రకటించినదానినిబట్టి, యంత్రకృతమైన సంగ్రహము కనఁబడినప్పుడు వెదకినవారు పట్టికలోని లింకును నొక్కినది నూటికి 8 మాఱులు. సంగ్రహము లేనప్పుడు 15. సంగ్రహములోనే చూపిన మూలపు లింకును నొక్కినది నూటికి 1. అనఁగాఁ బుటను గన్న చోటునకుఁ జదువరి పోవుట లేదు. వ్యాఖ్యానము చదివి మూలము నంటనివారు పూర్వమును గలరు గాని, వ్యాఖ్యాత మూలమును దన పుటలోనే యచ్చువేసెడివాఁడు. మూలములు చూపిన పుటకు యంత్రము మర్యాద చేయును. యంత్రము చూపిన మూలమునకు మనుష్యుఁడు మర్యాద చేయఁడు. జీఈఓ బోధకులు తమ పాఠములలో నీ రెండవ సంగతిని దఱచుగఁ జెప్పరు.

తెలుఁగుపుటల సంఖ్య యింగ్లీషుపుటల ముందు మిక్కిలి తక్కువ. తెలుఁగు వికీపీడియా 2003 డిసెంబరులోఁ బుట్టినది. యూనికోడునఁ దెలుఁగునకు 1991లోనే చోటు దొరకినను, అంతకుముందు వెలసిన వాఙ్మయములోఁ బెద్దభాగము కాగితముపైనో, పుటల ఛాయాచిత్రములుగానో యున్నది. యంత్రమునకుఁ దెలుఁగు వర్ణములు బరువును గూడ. వ్యాప్తిలోనున్న యూటీఎఫ్-8 రీతిలో రోమను వర్ణ మొక బైటు కాఁగాఁ దెలుఁగు వర్ణచిహ్న మొక్కొక్కటి మూఁడు బైట్లు; "స్త్రీ" యను నొక్క యక్షరమే పదునెనిమిది బైట్లు పట్టును. పుటలు కొలఁదిగా నుండుటవలన నొక పుటలోని తప్పు దిద్దు వేఱు పుట లేక, యంత్రమునోట నదియే సర్వసమ్మతమువలె వినఁబడును. ఇంగ్లీషున నూఱుపుటలు వ్రాసినవాని బాధ్యతకంటెఁ దెలుఁగున నొకపుట వ్రాసినవాని బాధ్యత హెచ్చు.

గ్రాంథికభాషలో వ్రాసిన వ్యాసముల కింకొక యడ్డంకి సంధివలనఁ గలదు. "తరువాతఁ దిక్కన" యని వ్రాసినచో సరళాదేశముచేతఁ గవి పేరే దకారాది యగును. "భాగవతమునుఁ బోతన" యనునప్పుడు బకారాది యగును. యడాగమముచేత "ఆంధ్రశబ్దచింతామణి" యకారాది యగును. అక్షరములఁ బోల్చి వెదకు యంత్రమున కా పుటలోఁ దిక్కనయు లేఁడు, పోతనయు లేఁడు. (పై వాక్యమే దీనికి నిదర్శనము.) అర్థసామీప్యమును జూచు క్రొత్త యంత్రములు కొంతవఱకు దీనిని దాఁటఁగలవు గాని, యరుదగు రూపములఁ దప్పిపోవుట వానికిని గలదు. ఇంటర్నెట్టునఁ బ్రకటించునపుడు వ్యక్తినామములు, గ్రంథనామములు మాత్ర మాదేశాగమములు లేకుండ విడిగా నుంచినచో దోషము లేదు. వాక్యమందు సంధి వివక్షాధీనమను సంప్రదాయము సంస్కృతమునఁ బూర్వులు చెప్పినదే. తక్కిన వాక్యమును యంత్రము కొఱకు మార్చనక్కఱలేదు. అరసున్న విషయమునను నింతే. వ్యాసము తలపైఁ గవి పేరును గ్రంథము పేరును నేఁటి వ్రాఁతలో నొక్కమాఱు చేర్చి, లోపలఁ బాతవ్రాఁతనే నిలుపవచ్చును.

తలుపు తెఱచుటయా, మూయుటయా యను ప్రశ్న పరిషత్తులయెదుట నున్నది. ఏ యంత్రము తమ పుటలు చదువవచ్చునో తెలుపుటకు రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ యను చిన్న పత్రమును వెబ్‌సైటువారుంచు నాచారము 1994లోఁ బుట్టినది; 2022లో దానికిఁ బ్రమాణరూప మేర్పడినది. అది విన్నపమే కాని గడియ గాదు. 2024 సెప్టెంబరులో జెరెమీ హోవార్డ్ అను నాతఁడు భాషాయంత్రముల కొఱకే సంక్షేపపత్రము నొకటి యుంచవలెనని ప్రతిపాదించెను. పరిశోధనపత్రికల ప్రాఁతసంపుటములను మూసి యుంచినచో యంత్రములు తెలుఁగు సాహిత్యమును గూర్చి చెప్పుట మానవు. ప్రకటనపుటలను బట్టి చెప్పును. తెఱచుటయే మేలు. కాని ప్రతివ్యాసము తలపై రచయిత పేరు, సంవత్సరము, సంపుటసంఖ్యయు నుంచి, పూర్వపక్షఖండికలకు గుఱుతు వేసి తెఱవవలెను. ఛాయాచిత్రములుగా నున్న పుటల నక్షరములుగా మార్చు యంత్రము లరసున్నను, ఱకారమును బోల్చుకొనఁజాలక పొరపడుట కలదు. కావున నీ పనికి మొదట నియమింపవలసినది ప్రూఫులు దిద్దు పండితుని.